మిన్నల్లుల పద్దు

చిద్రి, బీదర్
జూలై 5

జనవాడలో ఉన్న ప్రేమల వదినకు,

చిద్రి నుంచి మీ వియ్యపురాలు రాహేలు వందనాలు. మోకాళ్ళ పైభాగం వరకు నేను క్షేమం. మోకాళ్ళ కింది సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోను చేయవచ్చు కదా అని మీరు అనుకుంటారు. ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం. పోయిన ఈస్టరుకు పన్నెండు నిమిషాలు మాట్లాడుకున్నాం. పెట్టేశాక మీరేమన్నారో నాకు తెలియదు, నేనేమన్నానో మీకు తెలియదు. కాగితం మీదైతే ఒకరి తర్వాత ఒకరం మాట్లాడవచ్చు. పైగా కాగితానికి నకలు ఉంటుంది.

మీ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది కనుక, కట్టు విప్పేదాకా కుక్కను దూరంగా ఉంచమని డాక్టరు చెప్పారు కనుక, మీ పింకిని పదిహేను రోజులు నా ఇంట్లో ఉంచుకుంటానని ఒప్పుకున్నాను. మాట మాటే. రెండో తేదీ ఉదయం ఈరయ్య ఆటోలో పింకి వచ్చింది. దానితోపాటు మీరు చెప్పనివి కూడా వచ్చాయి. వాటిని మీరు పిస్సులు అంటారు. మా నాన్న మిన్నల్లులు అనేవారు, నేనూ అదే రాస్తాను. ఆవగింజంత గోధుమరంగు పురుగు. రెక్కలు లేవు, కానీ పట్టుకోబోతే జానెడు దూరం దూకుతుంది. కుక్క రక్తం తాగుతుంది. అది చాలకపోతే రిటైరైన లెక్కల టీచరు రక్తం తాగుతుంది.

నిన్న నా కాళ్ళ మీద కాట్లు లెక్కపెట్టాను. కుడికాలికి పదిహేడు, ఎడమకాలికి తొమ్మిది. ఎడమకాలికి తక్కువ ఎందుకంటే దాన్ని పైకి మడుచుకుని కూర్చుంటాను. ఈ ఉత్తరం రాస్తూ ఇప్పటికి నాలుగుసార్లు లేచాను.

పింకిని సన్నపళ్ళ దువ్వెనతో దువ్వితే పదకొండు దొరికాయి. మీరు నమ్మరని తెలుసు కాబట్టి వాటిలో ఐదింటిని సెల్లోటేపు కింద అతికించి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. నా ఇంట్లో ఇంతకుముందు ఒక్కటి కూడా లేదు. మే, జూన్ రెండు నెలలు కలబురగిలో మా చిన్నబ్బాయి ఫిలిప్పు దగ్గర ఉండి, జూన్ ముప్ఫైన వచ్చి తాళం తీశాను. రెండు నెలలు తలుపులూ కిటికీలూ మూసి ఉన్న ఇంట్లోకి పురుగు ఎలా వస్తుంది? కాబట్టి కుక్కే తెచ్చింది. దయచేసి పింకికి వేరే ఏర్పాటు చూసి, వెంటనే తీసుకుపోగలరు.

ఇట్లు,
కె. రాహేలు

తా.క.: పింకి పడుకునే గోనెసంచిని కాల్చేశాను. సంచి కోసం అది ఇల్లంతా వెతికింది. దానికి నా చీరె మడిచి వేశాను. పాతదే.

*

జనవాడ
జూలై 7

రాహేలు వదినకు ప్రేమల నమస్తే.

ఒక్క కన్నుతోని రాస్తున్న. ఇంకో కంటి మీద కట్టు ఉన్నది. అక్షరాలు కిందికి మీదికి పోతే ఎర్ర సిరా పెట్టకున్రి.

మీ ఉత్తరం ఈరయ్య తెచ్చిచ్చిండు. ఐదు పిస్సులు పంపుతున్నా అని రాసిన్రు. మూడే ముట్టినయ్. మల్ల చూసిన, మూడే. ఈరయ్యను గవాయి పెట్టి చూపించిన, ఆయన గూడ మూడే అన్నడు. టేపు ఒక మూల లేసి ఉన్నది. ఇగ మిగిలిన రెండు ఏడికి పోయినయో మీరే చెప్పాలె. ఆటోల దిగినయా, ఈరయ్య అంగీల దూరినయా, నా ఇంట్ల దిగినయా. నిన్నటి సంది నా వీపు ఒక్కతీరుగ గోకుతున్నది.

పింకి మూడేండ్ల సంది నా దగ్గరున్నది వదినా. ప్రతి ఆదివారం వేపాకు నీళ్ళతోని స్నానం. నేను చర్చికి తయారయ్యే లోపల అది తయారైతది. ఒక్కనాడు గోకుడు చూడలే. మీ గడప తొక్కంగనే గోకబట్టిందంటే తప్పు కుక్కదా, ఇంటిదా? జర సోచాయించున్రి. లెక్కల టీచరు మీరు, నేను కాదు.

నేను ఇప్పుడు దాన్ని తెచ్చుకోలేను. కంట్ల ఎంట్రుక పడ్డా పరేషాన్ అయితదని డాక్టరు బెదిరించిండు. పదిహేను దినాలని మీరే మాట ఇచ్చిన్రు, మాట మాటే అని మీరే రాసిన్రు. నా దగ్గర గూడ కాగితమున్నది. అందాక వేపాకు ఉడికించి ఆ నీళ్ళు చల్లున్రి, మూలలల్ల ఉప్పు పోయున్రి.

మీ వదిన
ప్రేమల

తా.క.: సాయంత్రం పింకికి పాలల్ల ముంచిన రొట్టె ముక్క పెట్టాలె. పెట్టకుంటే తెల్లారేదాక ఇల్లంత తిరుగుతది. ఈ సంగతి చెప్పుడు మరిచిన. ఇప్పటికి ఐదు దినాలు తిరిగే ఉంటది.

*

చిద్రి
జూలై 10

ప్రేమల వదినకు, కూర్చోలేక నిలబడి రాస్తున్న రాహేలు వందనాలు.

పంపినవి ఐదు. నా నకలులో ఐదు అని ఉంది. ఒక కన్నుతో చూస్తే మూడు కనిపించడం వింతేమీ కాదు. ఈరయ్య సాక్ష్యం చెల్లదు. అతను నాలుగో తరగతి నా దగ్గరే చదివాడు. తీసివేతల్లో పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకోవడం అతనికి ఈనాటికీ రాదు. ఆటో చిల్లర ఇచ్చేటప్పుడు చూడండి.

మీరు చెప్పినవన్నీ చేశాను. వేపాకు నీళ్ళు మూడు బకెట్లు చల్లాను. మూలల్లో రెండు కిలోల ఉప్పు పోశాను. వాన తేమకు అది కరిగి, హాలంతా సముద్రతీరంలా ఉంది. నా సొంత పద్ధతి ఒకటి మొదలుపెట్టాను. వెడల్పాటి పళ్ళెంలో సబ్బునీళ్ళు పోసి, దాని మీదికి దీపం వచ్చేలా పెడితే, మిన్నల్లులు ఆ వెలుగుకు దూకి నీళ్ళలో పడతాయి. పొద్దున లేచి లెక్క రాస్తాను. ఏడో తేదీ పద్నాలుగు, ఎనిమిదిన పంతొమ్మిది, తొమ్మిదిన ముప్ఫై ఒకటి. నేను ఎంత ఊడిస్తే అంత పెరుగుతున్నాయి. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి లెక్క చూడలేదు. దీనికి ఒకటే సమాధానం. మీ పింకి రోజూ కొత్తవి దింపుతోంది.

అందుకని నిన్న దాన్ని వరండాలో కట్టేశాను. అది అరవలేదు. గడప మీద గడ్డం ఆనించి నన్నే చూస్తూ కూర్చుంది. తప్పు చేయని పిల్లవాడిని బెంచీ ఎక్కిస్తే ఇలాగే చూస్తాడు. ఆ చూపుకు పని సాగక, కుర్చీ నేనే వరండాలో వేసుకున్నాను. విచిత్రమేమిటంటే ఇంట్లో కంటే అక్కడే కాట్లు తక్కువ.

అసలు అవమానం ఇప్పుడు చెబుతాను. నిన్న బుధవారం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. మా చర్చి సొలొమోను అయ్యగారు, ఇంకా పద్నాలుగు మంది వచ్చారు. పాట రెండో చరణానికే ఆడవాళ్ళు కాళ్ళు పైకి తీసుకున్నారు. మగవాళ్ళు కళ్ళు మూసుకునే పిక్కలు గోక్కున్నారు. ఈ ఇల్లు శుభ్రానికి పేరుపడ్డ ఇల్లు వదినా. కుక్కను తీసుకువెళ్ళండి.

ఇట్లు,
కె. రాహేలు

తా.క.: అయ్యగారి ప్రార్థన ఎప్పుడూ నలభై నిమిషాలకు తక్కువ ఉండదు. నిన్న ఆరు నిమిషాల్లో ముగించారు. ఇందుకు మాత్రం ఇద్దరు ముగ్గురు నాకు విడిగా కృతజ్ఞతలు చెప్పారు.

*

జనవాడ
జూలై 12

చిద్రి వదినకు, గోక్కునుడు ఆపి రాస్తున్న ప్రేమల నమస్తే.

మీరు పంపిన రెండు పిస్సులు నా ఇంట్ల సంసారం పెట్టినయ్. వీపు, మెడ, మోచేతులు, ఎక్కడ చూసినా దద్దులే. ఇంట్ల కుక్క లేదు, పిల్లి లేదు. పింకి పోయి పది దినాలాయె. ఇగ ఏడికెల్లి వచ్చినయ్? కవరులకెల్లే వచ్చినయ్. ఇంతవరకు ఉత్తరంల దీవెనలు పంపినోళ్ళను చూసిన, పైసలు పంపినోళ్ళను చూసిన, పిస్సులు పంపిన వియ్యపురాలిని ఇప్పుడే చూస్తున్న.

ఈరయ్య గూడ తొడ గోక్కుంటనే ఆటో నడుపుతుండు. అడిగితే మీ పేరు చెప్తుండు. టీచరమ్మ అంటే భయం పోలేదు గని, కోపం వచ్చిందట. ఆయననే ఒక ఉపాయం చెప్పిండు. కుక్క ఒంటికి కిరాసిన్ రాస్తే ఒక్క పూటల అన్ని పోతయట. చేసి చూడున్రి.

ఇంకో మాట. డాక్టరుకు ఈ సంగతి చెప్పిన. ఆపరేషన్ అయిన కన్ను, పురుగు కరిచిన చేతులతోని రుద్దుకుంటే చూపే పోతదని మస్తు కోపం చేసిండు. అందుకే పక్కా మాట చెప్తున్న. పింకి మీద ఒక్క పిస్సు ఉన్నా నా ఇంటికి రావద్దు. ఏడు దినాలు వరసగ సున్నా అని మీ పుస్తకంల ఎక్కాలె. అప్పుడే ఈరయ్యను పంపుత. పదిహేను దినాలైనా, ఇరవయైనా. మీ నోటి మీద నాకు నమ్మకం లేదు గని వదినా, మీ పుస్తకం మీద ఉన్నది.

ప్రేమల

తా.క.: కట్టేసిన కుక్క ముంగట కుర్చీ వేసుకోని కూసున్నరట. ఎవరు ఎవరిని కట్టేసిన్రో ఈరయ్యకు సమజ్ కాలేదు.

*

చిద్రి
జూలై 16

ప్రేమల వదినకు రాహేలు వందనాలు. ఈ ఉత్తరాన్ని నెమ్మదిగా, ఒక్కసారే చదవండి. ఇలాంటిది మళ్ళీ రాయను.

కిరాసిన్ మాట వినగానే నాకు అనుమానం వచ్చి, ముందు పశువుల డాక్టరు శివప్పగారిని అడుగుదామని పింకిని తీసుకెళ్ళాను. ఆయన, "కిరాసిన్ పూస్తే ఒళ్ళు కాలుతదమ్మా, నాకితే కడుపుల పోతది. కుక్క పోతది, పిస్సులు ఉంటయ్," అన్నారు. తర్వాత పింకిని తల నుంచి తోక దాకా దువ్వి, రెండే దొరికాయని చూపించారు. నా పళ్ళెంలో ముప్ఫై ఒకటి పడ్డాయని చెప్పాను. ఆయన దువ్వెన పక్కన పెట్టి నా వైపు తిరిగారు. డాక్టర్లు జబ్బు ఎవరిదో తెలిశాకే అలా తిరుగుతారు.

"ఇల్లు ఈ నడుమ ఏమన్న మూసి పెట్టిన్రా?"

రెండు నెలలు అన్నాను.

"అంతకుముందు ఇంట్ల పిల్లి ఏమన్న ఉండెనా?"

లేదని చెప్పబోయి ఆగాను. ఏప్రిల్ నాలుగు నుంచి ఇరవై ఏడు దాకా ఒక వీధిపిల్లి మా సామాన్ల గదిలో మూడు పిల్లల్ని పెట్టుకుని ఉంది. నాకు పిల్లులంటే పడదు. కానీ పాల పద్దులో రోజుకు పావులీటరు అదనంగా ఉంది. నా చేతిరాతే.

డాక్టరుగారు చెప్పింది ఇది. మిన్నల్లి జంతువు మీద ఉండి గుడ్లు పెడుతుంది, కానీ గుడ్లు అక్కడ నిలవవు, నేల మీద రాలతాయి. పిల్ల పురుగులు చాపల కింద, గచ్చు పగుళ్ళలో దుమ్ము తిని పెరిగి, గూళ్ళు కట్టుకుంటాయి. ఇల్లు మూసి ఉంటే ఆ గూళ్ళలోనే నెలల తరబడి ఆగుతాయి. మనిషి అడుగు అదురు, ఒంటి వేడి తగలగానే ఒక్కసారిగా బయటికి వస్తాయి. నేను ఊడ్చినకొద్దీ పెరిగింది అందుకే. కంటికి కనిపించేవి కొన్నే, కనిపించనివే ఎక్కువ. అంటే అవి రెండు నెలలు నా కోసం కాచుకుని ఉన్నాయి. నా దగ్గర చదివిన పిల్లలెవరూ అంత క్రమశిక్షణతో నా కోసం ఎదురుచూడలేదు.

కాబట్టి పింకి తేలేదు. నా ఇల్లే పింకికి అంటించింది. మీ మీద, మీ ఇంటి మీద, మీ కుక్క మీద నేను వేసిన నింద తప్పు. ఇందుకు క్షమాపణ ఒకటి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.

ఇక చికిత్స. పింకి బరువు తూచి, పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములకు సరిపడే మందు మెడ వెనక, అది నాకలేని చోట, చుక్కలుగా వేశారు. కుక్క మందు పొరపాటున కూడా పిల్లికి వేయకూడదట, ప్రాణం పోతుందట. నెలకొకసారి, మూడు నెలలు తప్పకుండా వేయాలి. చాపలు, దుప్పట్లు మరిగే నీళ్ళలో ఉడికించి ఎండకు వేశాను. పగుళ్ళలో డాక్టరు ఇచ్చిన మందు కొట్టి, అది ఆరేదాకా పింకి, నేను బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. రోజూ రెండు పూటలా ఊడ్చి, ఆ దుమ్మును సంచిలో కట్టి దూరంగా పారేయాలి. గూళ్ళలో మిగిలినవి బయటికి రావాలంటే గదుల్లో బాగా నడవాలన్నారు. అందుకని పూటకు నలభై చుట్లు నడుస్తున్నాం. పింకి ముందు, నేను వెనక. మలుపు దగ్గర అది ఆగి నేను వస్తున్నానో లేదో చూస్తుంది.

ఇట్లు,
కె. రాహేలు

తా.క.: పింకి ఇప్పుడు నా మంచం కాళ్ళవైపు పడుకుంటోంది. పరిశీలన కోసం.

*

జనవాడ
జూలై 19

వదినకు ప్రేమల నమస్తే. రెండు కండ్లతోని రాస్తున్న. కట్టు విప్పిన్రు.

క్షమాపణ ముట్టింది. కవరు జాగ్రత్తగ విప్పి చూసిన. ఒక్కటే ఉన్నది, పూర్తిగ ఉన్నది. టేపు ఈసారి బాగనే అతికించిన్రు.

నేను గూడ ఒక మాట ఒప్పుకోవాలె. నా వీపు గోకుడు పిస్సులతోని కాదు. ఆపరేషన్ అయినదానికి చల్లగాలి తగలొద్దని మా తమ్ముడు ఔరాద్ సంతల కొత్త కంబళి కొనుక్కొచ్చి ఇచ్చిండు. అదే పొడుస్తున్నది. నిన్న దాన్ని దండెం మీద వేసిన, ఇయ్యాల గోకుడు బంద్. ఈరయ్యకు చెప్తే ఆయన గోకుడు గూడ అప్పుడే బంద్ అయింది. ఆయనకు అసలు ఏ కంబళీ లేదు. కాబట్టి ఆ రెండు పిస్సుల మీద నా తకరారు వాపస్ తీసుకుంటున్న. అవి ఏడున్నా దేవుడు వాటిని చల్లగ చూడాలె, నా ఇంట్ల కాకుండ.

ఇగ పింకి సంగతి. ముంగిసకు అది లేదని తెలిసిపోయింది. నాలుగు కోడిపిల్లలను ఎత్కపోయింది. పొద్దున నేను కోళ్ళగూడు తెరిస్తే అవతలి గోడ మీద కూసోని, నేనే దానికి నాస్తా పెడుతున్నట్టు చూస్తున్నది. కోళ్ళ సంగతి అట్లుంచున్రి, నాకే చెయ్యి ఆడుతలేదు. రొట్టె చేసేటప్పుడు ఒక ముక్క అలవాటుగ పక్కకు పెడుతున్న, మల్ల నేనే తింటున్న.

ఏడు సున్నాలు తొందరగ వేయున్రి.

ప్రేమల

తా.క.: మంచం మీద పరిశీలన మంచిదే. నేను గూడ మూడేండ్ల సంది పరిశీలన చేస్తనే ఉన్న. ఇంతవరకు ఏం తేలలే.

*

చిద్రి
ఆగస్టు 2

ప్రేమల వదినకు రాహేలు వందనాలు. మీ కన్ను బాగైనందుకు సంతోషం.

మీరు అడిగిన లెక్క రాస్తున్నాను. జూలై పదిహేడున పళ్ళెంలో, దువ్వెనలో కలిపి ఇరవై ఎనిమిది. పద్దెనిమిదిన ఇరవై రెండు. ఇరవైన పదిహేను. ఇరవై మూడున ఎనిమిది. ఇరవై నాలుగున మూడు. ఇరవై ఐదున ఎనిమిది. ఇరవై ఆరున ఎనిమిది. ఆ తర్వాత నిన్నటి వరకు రోజుకు ఎనిమిది. అక్కడే ఆగింది. ఇలాంటి పరిస్థితిలో పంపడం మీ కంటికి క్షేమం కాదు. డాక్టరు మాటను తేలిగ్గా తీసుకోవద్దు.

ముంగిస సంగతి విని బాధపడ్డాను. గూటికి ఇనుప జాలీ తలుపు పెట్టించండి. జాలీ కుక్క కంటే నమ్మకంగా పనిచేస్తుంది, దానికి రొట్టె కూడా అక్కర్లేదు. పింకి మీద అంతగా ఆధారపడటం మంచి అలవాటు కాదు.

పింకి బాగానే ఉంది. సాయంత్రం ఐదు నలభైకి గిన్నె ముందు కూర్చుంటుంది. ఐదు నలభై రెండైతే గిన్నెను కాలితో తోస్తుంది. నా సర్వీసులో ఇంత సమయపాలన ఇద్దరు హెడ్మాస్టర్లలోనే చూశాను. నడక పూటకు యాభై చుట్లు చేశాం. అవసరమై కాదు, దానికి అలవాటైంది.

ఇట్లు,
కె. రాహేలు

తా.క.: దానికి జొన్నరొట్టె కంటే ఉప్మా ఇష్టం. మూడేళ్ళలో మీరు ఒక్కసారైనా పెట్టి చూశారా?

*

జనవాడ
ఆగస్టు 9

రాహేలు వదినకు,

నమస్తే తరువాత పెడుత. మొదలు ఒక లెక్క అడుగుత.

ఇరవై ఎనిమిది, ఇరవై రెండు, పదిహేను, ఎనిమిది, మూడు. ఇది సమజ్ అయింది. దిగుతున్నది. మూడు నుంచి మల్ల ఎనిమిదికి ఎట్ల ఎక్కింది? ఎక్కినా సరే, రోజూ ఎనిమిదే ఎట్ల పడుతున్నయ్? నా కోళ్ళు పది ఉన్నయ్, గింజలు పెట్టి పెంచుతున్న, ఒక్కనాడన్న ఒక్క లెక్కన గుడ్లు పెట్టలే. మీ పిస్సులు మాత్రం రోజూ వచ్చి హాజరు చెప్పి పడిపోతున్నయా?

ఈరయ్యను అడిగిన. మొదలు చెప్పలే, టీచరమ్మ కోప్పడతది అన్నడు. ఛాయ్ పోసి అడిగిన. పోయిన బుధవారం మీ ఇంట్ల ప్రార్థన అయిందట. సొలొమోను అయ్యగారు నలభై ఐదు నిమిషాలు ప్రార్థన చేసిన్రట. ఒక్కరు కాలు ఎత్తలేదట, ఒక్కరు గోకలేదట. మరి ఎనిమిది పిస్సులు ఏం చేస్తున్నయ్ వదినా, ఆమేన్ అంటున్నయా? పింకి గూడ కుర్చీల కూసోని ఉండెనట. మీ పక్క కుర్చీల.

నేను నవ్వుతూ రాస్తున్నా అనుకోకున్రి. మా ఆయన కాలం చేసిన సంవత్సరమే అది నా ఇంటికొచ్చింది, గింతంత పిల్ల. మూడేండ్ల సంది పొద్దున లేస్తే మొదలు దాని ముఖమే చూస్తున్న. పదిహేను దినాలని పంపిన, నలభై దినాలు దగ్గరికొచ్చె. నా పింకి నాకు కావాలె.

గురువారం నేనే వస్తున్న. నా దువ్వెన తెచ్చుకుంట. ఇప్పుడు నాకు రెండు కండ్లున్నయ్. మీ పుస్తకం ముంగట పెట్టుకోని ఇద్దరం కలిసి లెక్కపెడుదం.

ప్రేమల

తా.క.: ఉప్మా పెట్టిన్రట. గోధుమరవ్వతోనా, తెల్లరవ్వతోనా? తెల్లరవ్వ అయితే దానికి కడుపు ఉబ్బుతది. అడుగుతున్న, అంతే.

*

చిద్రి
ఆగస్టు 12, మంగళవారం సాయంత్రం

ప్రేమల వదినకు,

గురువారం మీరు ప్రయాణం పెట్టుకోవద్దు. దువ్వెన అవసరం లేదు. లెక్క నేనే చెబుతాను.

జూలై ఇరవై ఐదున పళ్ళెంలో ఏమీ పడలేదు. దువ్వెనలో ఏమీ రాలేదు. పుస్తకం తెరిచి సున్నా గీశాను. పింకి నా పాదాల మీద పడుకుని ఉంది. ఇలాంటివి ఏడు గీస్తే ఈరయ్య ఆటో వస్తుందని గుర్తొచ్చింది. కలం ఎత్తకుండా దాని కింద ఇంకో సున్నా గీశాను. ఎనిమిది అయింది. అంతకన్నా ఆలోచించి చేసిన పని కాదు. మర్నాడు మాత్రం ఆలోచించే చేశాను.

నిన్నటికి పద్దెనిమిది రోజులు. రోజుకు ఎనిమిది చొప్పున నూట నలభై నాలుగు లేని మిన్నల్లులను పద్దులో ఎక్కించాను. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన మనిషిని. మీ అల్లుడు నథానియేలు ఆరో తరగతిలో ముప్ఫై నాలుగు తెచ్చుకుంటే, పాసుకు తక్కువైన ఆ ఒక్క మార్కు కన్నకొడుక్కి వేయలేదు. అతను ఇప్పటికీ ఆ సంగతి మీ అమ్మాయితో చెబుతుంటాడని నాకు తెలుసు. మీరు నా పుస్తకాన్ని నమ్ముతానని రాశారు. ఆ ఉత్తరం తీసి మళ్ళీ చదువుకున్నాను. ఈ ఉదయం పద్దెనిమిది అంకెలనూ ఎర్ర సిరాతో కొట్టి, ఒక్కొక్క దాని పక్కన సున్నా వేసి, సంతకం చేశాను. ఏడు సున్నాలు అడిగారు, పద్దెనిమిది ఉన్నాయి. పింకి మీది. అందులో నాకు వాదన లేదు.

రేపు బుధవారం ఉదయం ఆరు గంటలకు ఈరయ్య ఆటోలో పింకిని పంపుతున్నాను.

అయితే ఒక సంగతి. మందు మూడు నెలలు తప్పకూడదన్నారు డాక్టరుగారు. రెండో మోతాదు పదిహేనో తేదీన, మూడోది సెప్టెంబరు పద్నాలుగున. మీరు తేదీలు మరిచిపోతారు. కుక్కకు సాయంత్రం రొట్టె పెట్టాలన్న సంగతే ఐదు రోజులకు చెప్పారు. వారం వారం దువ్వాలి, దువ్వింది రాయాలి, మీ ఇంటి మూలలు కూడా ఒకసారి చూడాలి. ఇది చదువుకున్న మనిషి దగ్గరుండి చేయాల్సిన పని. అందువల్ల రేపటి ఆటోలో వచ్చే సామాను వివరం ఇది. మెడపట్టీ ఒకటి. గిన్నె ఒకటి. మందు మోతాదులు రెండు. దువ్వెన ఒకటి. గోధుమరవ్వ రెండు కిలోలు. పింకి ఒకటి. రాహేలు ఒకటి.

దిగగానే సరిచూసుకుని తీసుకోగలరు. మగపెళ్ళివారి మర్యాదలేవీ వద్దు. మంచం మాత్రం కాస్త వెడల్పుగా ఉన్నది వేయండి, పరిశీలనకు చోటు కావాలి. పొద్దున కోళ్ళగూడు తెరిచేటప్పుడు నేనూ వస్తాను. ముంగిసతో నేను మాట్లాడతాను.

మీ వదిన
రాహేలు

తా.క.: నేను రావడం మీకు ఇబ్బందైతే మొహమాటం లేకుండా ఈరయ్య చేతికి జవాబు రాసివ్వండి. ఈ ఉత్తరం అతను ఈ రాత్రి మీకు ఇస్తాడు. మీ జవాబు రేపు ఆరింటికి నాకు ఇస్తాడు. అప్పటికి నేను, పింకి ఆటోలో కూర్చుని ఉంటాం. కదిలే ఆటోలో నేను ఉత్తరాలు చదవను, తల తిరుగుతుంది. పుస్తకంలో ప్రయాణం తేదీ రాశాను. తిరుగు ప్రయాణానికి పక్కన గడి గీశాను. అందులో ఇంకా ఏ అంకె వేయలేదు.